పాత ఓమ్నీ కొనేవాళ్లు జాగ్రత్త: టెంపరేచర్ ముల్లు కదలకపోతే సంతోషపడకండి

సెకండ్ హ్యాండ్ వ్యాను చూస్తున్నవాళ్లు బయానా ఇచ్చేముందు ఇది చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నేను ఊళ్లు తిరిగి చీరలు అమ్ముకుంటాను. మూటలు వేసుకోవడానికి, ఇంట్లోవాళ్లను తిప్పడానికి రెండింటికీ పనికొస్తుందని మార్చిలో 2011 మోడల్ మారుతీ ఓమ్నీ కొన్నాను. పాత బండ్లు అమ్మే ఒకాయన దగ్గర, 1,35,000 రూపాయలకు. పొద్దున ఏడింటికి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికే ఇంజన్ స్టార్ట్ చేసి పెట్టాడు. రెండు కిలోమీటర్లు తిప్పి చూశాను. "చూడన్నా, ముల్లు పావు దగ్గరే నిలబడింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, కూలింగ్‌కి ఢోకా లేదు" అన్నాడు. నమ్మి మొత్తం డబ్బు కట్టేశాను.

మే నెలలో అమ్మను, మా ఆవిడను, పిల్లలను ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాను. వినుకొండ దాటినా ఏ ఇబ్బందీ లేదు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ముందు సీట్లో ఉన్న అమ్మ "ఒరేయ్, సీటు కాలుతోందిరా" అంది. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. మీటరు చూశాను, ముల్లు పావు దగ్గరే ఉంది. ఎండ వేడేమోలే అనుకుని ఇంకో రెండు మలుపులు ఎక్కించాను. ఆ రెండు మలుపులే నా కొంప ముంచాయి. సీటు సందుల్లోంచి కాలిన రబ్బరు వాసన, దాని వెనకే ఆవిరి. బండి లాగడం మానేసింది.

కంగారులో రేడియేటర్ మూత తిప్పబోయాను. వెనక వస్తున్న లారీ డ్రైవర్ దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగేశాడు. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, మూత తీసిన క్షణం మొహం మీదికి ఎగజిమ్ముతాయి. "గంట ఆగు తమ్ముడూ, చల్లనీళ్లు కూడా పొయ్యకు, ఇంజన్ పైనుండే హెడ్డు పగులుద్ది" అన్నాడు. పిల్లలకు తన మంచినీళ్ల క్యాను ఇచ్చి, బండి కిందికి దించే ఏర్పాటు అయ్యేదాకా మాతోనే ఉన్నాడు. ఆయన రుణం తీర్చుకోలేను.

చివరికి బండిని విజయవాడ ఆటోనగర్ చేర్చాం. అక్కడ పెద్ద మెకానిక్ ఒకాయన సీటు ఎత్తి, నన్ను పక్కన నిలబెట్టి ఒక్కొక్కటీ చూపించాడు. రేడియేటర్ కింద గొట్టం విప్పితే పచ్చటి బురద కారింది. పసుపు! లీకు తాత్కాలికంగా ఆగడానికి పసుపు పోశారు, అది సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి సగం రేడియేటర్‌ను మూసేసింది. అది బయటపడకుండా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని వాల్వు) పీకేశారు. ఫ్యాను వైరును, నీళ్లు వేడెక్కినప్పుడే ఫ్యాను తిప్పే థర్మో స్విచ్ నుంచి తప్పించి తాళానికి డైరెక్ట్ చేశారు. రోజంతా ఆగకుండా తిరిగి తిరిగి మోటారు ఆ ఘాట్‌లోనే కాలిపోయింది. చదును రోడ్డు మీద వేగంగా పోతుంటే ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, కాబట్టి వినుకొండ దాకా ఏమీ తెలియలేదు. సెకండ్ గేరులో కొండ ఎక్కేటప్పుడు గాలి ఉండదు, భారమంతా ఫ్యాను మీదే.

నా గుండె మండింది మాత్రం మీటరు వైరు చూసినప్పుడు. సెన్సర్‌కు వెళ్లాల్సిన వైరు కోసి, దానికి బియ్యపుగింజ అంత రెసిస్టర్ (కరెంటును తగ్గించే ముక్క) అతికించి బాడీకి ఎర్త్ చేశారు. పైన నల్ల టేపు. ఇంజన్ ఉడికిపోతున్నా ముల్లు పావు దాటదు. బండిలో పసిపిల్లలు కూర్చుంటారని తెలిసి కూడా ఎవరో ఆ టేపు చుట్టారు.

హెడ్ గాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) పోయింది, హెడ్డు వంగింది. లేత్‌లో హెడ్డు చదును చేసే ఫేసింగ్, కొత్త రేడియేటర్, ఫ్యాను మోటారు, స్విచ్, థర్మోస్టాట్, టోయింగ్ అన్నీ కలిపి 21,400 అయింది. ఓమ్నీ బండిని నేను తప్పుపట్టడం లేదు. 796 సీసీ ఇంజన్, విడిభాగాలు ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. కాకపోతే 2019లో తయారీ ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవన్నీ పాతవే, పదిమంది చేతులు పడ్డవే.

కొనేముందు ఇంజన్ చల్లగా ఉండాలని గట్టిగా చెప్పండి. వెళ్లగానే సీటు ఎత్తి తాకి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తామనండి. చల్లటి ఇంజన్‌కి తాళం తిప్పితే ముల్లు కింద సీ (కోల్డ్, అంటే చల్లన) గుర్తు దగ్గరే ఉండాలి. నా బండిలో తాళం తిప్పిన మరుక్షణం పావుకు ఎగిరేది, కొన్నాక కూడా నేను గమనించలేదు. తర్వాత స్టార్ట్ చేసి, నిలబెట్టి, ఓ ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. ముల్లు మెల్లగా ఎక్కాలి, ఫ్యాను తనంతట తాను తిరగాలి, కాసేపటికి తనే ఆగాలి. మొదటి నుంచీ తిరుగుతున్నా, అసలు తిరగకపోయినా అనుమానించాల్సిందే. తిరిగేటప్పుడు గ్రిల్లు ముందు కాగితం పెడితే లోపలికి లాక్కోవాలి. బయటికి నెడుతోందంటే వైర్లు తిరగేసి కలిపారన్నమాట.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి చూడండి, పసుపు బురదో తుప్పో అంటితే ఆలోచించుకోండి. మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ అనుమానమే. ఆయిల్ మూత కింద మీగడలాంటిది పేరుకున్నా అంతే. రిపేరు చేయించాక గాలి పూర్తిగా తీశారో లేదో కూడా అడగండి. ఓమ్నీలో రేడియేటర్ ముందు భాగంలో, ఇంజన్ సీట్ల కింద ఉండి మధ్యలో పొడవాటి గొట్టాలు ఉంటాయి, వాటిలో గాలి ఇరుక్కుని ఎయిర్ లాక్ పడితే కొత్త సామాన్లు వేసినా మళ్లీ వేడెక్కుతుంది.

అమ్మినాయన "చూసే కదా కొన్నావు" అంటున్నాడు. కోసిన వైరును, రెసిస్టర్‌ను మెకానిక్ ఎదుటే ఫొటోలు, వీడియో తీసుకున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. వ్యాపారానికి కొన్న బండికి కేసు చెల్లదని కొందరు భయపెడతారు. మన బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధికి వాడుకునేది ఆ మినహాయింపు కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది.

మొన్న ఆదివారం అటువైపు వెళ్లాను. అదే ఆవరణలో ఇంకో తెల్ల ఓమ్నీ అమ్మకానికి నిలబెట్టి ఉంది, పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాను తిరుగుతూ. బేరానికి వచ్చిన అబ్బాయిని పక్కకు పిలిచి, ముందు ఆపించి, చల్లారాక తాళం తిప్పి ముల్లు చూడమని చెప్పాను.