హేచరీలో 14 నెలలు వాడిన బైనాక్యులర్ మైక్రోస్కోప్

మా హేచరీ ఉప్పాడ నుంచి తుని వైపు వెళ్ళే బీచ్ రోడ్డు మీద ఉంది. వనామీ రకం రొయ్య సీడ్, అంటే చెరువుల్లో వదిలే పిల్లల్ని తీస్తాం. పోయినేడు పాత మైక్రోస్కోప్ లెన్సుకి బూజు పట్టేస్తే, హర్యానాలోని అంబాలా నుంచి సరుకు తెప్పించే ఒక డీలరు దగ్గర ఇది కొన్నాం. ఎల్‌ఈడీ లైటు, లోపలే ఛార్జింగ్ బ్యాటరీ, 4, 10, 40, 100 లెన్సులు. బిల్లు 19 వేల చిల్లరయింది. రోజుకి నాలుగైదు సార్లు నా చేతిలో నలిగిన వస్తువు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

డబ్బా మీద 1000 రెట్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. రొయ్యపిల్ల ఏ దశలో ఉందో చూడ్డానికి ఆ వెయ్యి అక్కర్లేదు. మా పనిలో ముప్పాతిక వంతు 4 లెన్సు మీదే, అంటే 40 రెట్లు. దీని ఐపీస్, అంటే కన్ను పెట్టే లెన్సు మీద 18 అని ఉంది. దాన్ని 4తో భాగిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు, ఒక్క చూపులో కనపడేది అంత మేర. గుడ్డు పగిలాక పిల్ల వరసగా నాప్లీ, జోయా, మైసిస్ అనే దశలు దాటుతుంది. జోయా మొదట్లో మిల్లీమీటరు ఉంటుంది, మైసిస్ నాలుగు దాకా సాగుతుంది. పిల్ల ముక్కు నుంచి తోక దాకా ఒకేసారి కనపడాలి మాకు. ఇందులో కనపడుతుంది, అంచుల దగ్గర కూడా మసక రాదు.

పోయిన నెల ఒక రాత్రి రెండు దాటాక 4వ ట్యాంకు నీళ్ళు బీకరులో తెచ్చాడు మా కుర్రాడు. "మేడం, జోయా టూకి వచ్చేసినట్టే ఉన్నాయండీ, ఆల్గే పెంచెయ్యమంటారా?" అన్నాడు. ఆల్గే అంటే పిల్లలకి మేతగా వేసే కంటికి కనపడని నాచు. గుంట స్లైడు మీద రెండు చుక్కలేసి చూశాను. మొదటి పిల్లకి నుదురు గుండ్రంగా ఉంది, కళ్ళు ఇంకా పెంకు కిందే నల్లటి మచ్చల్లా ఉన్నాయి. అది జోయా వన్. దాని పక్కదానికి కళ్ళు రెండూ కాడల మీద బయటికొచ్చేశాయి, మధ్యలో సూది మొనలా ముక్కు. అది జోయా టూ. ఈ కళ్ళు బయటికి రావడం ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉంటుంది. ఒకప్పుడు జోయా అంటే వేరే జీవే అనుకునేవారట. 1820ల్లో ఐర్లండులో జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు వాటిని నీళ్ళలో ఉంచి గమనించాకే ఆయన చూసిన జోయాలు పీత పిల్లలని తేలింది.

ఆ రాత్రి 20 పిల్లల్ని లెక్కపెట్టాను. 13 జోయా టూ, 7 జోయా వన్. ఆల్గే బాగా తిన్న జోయా వెనక ఒంటికన్నా పొడుగ్గా మలం దారం వేలాడుతుంది. లెక్కపెట్టిన వాటిలో ఐదు పిల్లలకి ఆ దారం లేదు, పేగు గాజులా ఖాళీగా ఉంది. జోయా టూలో మేత మానేసి ట్యాంకుకి ట్యాంకు పడిపోయే జబ్బు ఈ తీరంలో అందరికీ తెలిసిందే, నా గుండె ఝల్లుమంది. అప్పుడే కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోగా కూడా బ్యాటరీ మీద లైటు ఒక్కసారి కూడా వణకలేదు, అదే స్లైడు మీద ఇంకో పది చూశాను. తర్వాత ఆల్గే కౌంటు చూస్తే బాగా తగ్గి ఉంది. కీటోసిరాస్ అనే రకం ఆల్గే పెట్టించాం. తెల్లారేసరికి ఆ ట్యాంకులో దారం లేని పిల్ల నాకు కనపడలేదు.

నాప్లీకి మాత్రం 10 లెన్సు కావాలి. అర మిల్లీమీటరు కూడా ఉండని ప్రాణి, మూడు జతల కాళ్ళు కొట్టుకుంటూ స్లైడంతా తిరుగుతుంది. ఒక చుక్క ఫార్మలిన్ వేసి ఆపితే వెనక ముళ్ళు లెక్కకొస్తాయి: మొదట్లో పక్కకి ఒకటి, నాప్లీ ఆరో దశకి పక్కకి ఏడు. ఏడూ విడివిడిగా కనపడ్డాయి. నాప్లీ కొనుక్కునే హేచరీలకి ఇది ముఖ్యం. ఐదో దశ దాటుతుంటే ట్యాంకులో ఆల్గే సిద్ధంగా ఉండాలి, జోయా అవ్వగానే సొంత పచ్చసొన అయిపోయి మేత వెతుక్కుంటుంది.

ఇక లోపాలు. ఉప్పుగాలికి ఆరో నెలలోనే కండెన్సరు (లైటుని స్లైడు మీదికి కూడగట్టే లెన్సు) స్క్రూ తుప్పు పట్టింది. స్లైడు జరిపే మరలు వదులయ్యాయి, మైసిస్ ఒక్కసారి తోక కొట్టి వెనక్కి ఎగిరిందంటే దాన్ని మళ్ళీ పట్టుకోవడం కష్టం. డీలరుకి ఫోన్ చేస్తే మెకానిక్ మూడు వారాలకి వచ్చాడు, సీజన్‌లో మూడు వారాలంటే ఒక బ్యాచ్ అయిపోతుంది. 40 లెన్సు గుంట స్లైడు నీళ్ళకి తగులుతుంది, ప్రతిసారీ డిస్టిల్డ్ వాటర్‌తో తుడవాలి. 100 లెన్సు ఇంతవరకు తిప్పనేలేదు.

5కి 4 ఇస్తున్నాను. కొనేవాళ్ళు డీలరు ఎదుటే 4 లెన్సు పెట్టించి, స్లైడు మీద స్కేలు గీతలు వేసి అంచు దాకా చూడండి. రాత్రి పని అయ్యాక గుడ్డ కవరుతో పాటు లోపల ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి, మా పాత లెన్సు పోయింది అది లేకే.