అష్టమి నాడు ఊళ్లోనా, అమావాస్యకు ఊరవతలా? ఖగోళ క్లబ్ కార్యక్రమానికి ఏది మేలు

చిన్న ఖగోళ క్లబ్బుల్లో ప్రతి ఏడాదీ తప్పని వాదన ఒకటుంది. జనం ఉన్న చోటికి టెలిస్కోపులు మోసుకెళ్దామా, చీకటి ఉన్న చోటికి జనాన్ని తీసుకెళ్దామా? రెండూ మంచివే అని సర్దేసుకోవడం తేలికే. కానీ అలా సర్దుకున్న క్లబ్బులే అమావాస్య నాడు పార్కులో టెలిస్కోపు పెట్టి, వీధిదీపాల మధ్య ఆండ్రోమెడా గెలాక్సీ చూపించబోయి అభాసుపాలవుతాయి. స్థలం తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలాల్సినవి రెండు: ఆ రోజు చంద్రుడి వయసెంత (అమావాస్య నుంచి ఎన్నో రోజు), వచ్చేవాళ్లెవరు.

అష్టమి ఎందుకు

సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అర్ధచంద్రుడు అంటే సరిగ్గా 90 డిగ్రీలు కాబట్టి అది శుక్ల అష్టమి మధ్యలో పడుతుంది. ఆ రోజు చంద్రుడు మధ్యాహ్నం వేళకు ఉదయించి, పొద్దుగూకేసరికి ఆకాశంలో తన గరిష్ఠ ఎత్తుకు చేరి, అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. పిల్లలతో వచ్చే కుటుంబాలకు ఇంతకంటే అనువైన వేళలుండవు.

అసలు అందం వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర ఉంటుంది. అక్కడ సూర్యకాంతి ఏటవాలుగా పడుతుంది కాబట్టి బిలాల అంచుల నీడలు పొడవుగా సాగుతాయి. టాలమీ, ఆల్ఫాన్సస్, అర్జాకెల్ అనే మూడు పెద్ద బిలాలు ఒకదాని కింద ఒకటి, ఉత్తరాన అపెనైన్ పర్వతశ్రేణి, అన్నీ 40, 50 రెట్ల పెద్దదిగా చూపే ఐపీస్‌లోనే (కన్ను ఆనించే కటకంలోనే) స్పష్టంగా తెలుస్తాయి. దశమి నాటికి కోపర్నికస్ బిలం వెలుగులోకి వస్తుంది, అదీ బాగుంటుంది. పౌర్ణమి మాత్రం వద్దు. చంద్రుడంటే పౌర్ణమే అని జనం అడుగుతారు గానీ, ఆ రోజు నీడలుండవు, కళ్లు జిగేల్‌మంటాయి, బిలాలు చదునైన మచ్చల్లా కనిపిస్తాయి. అష్టమి చంద్రుడి వెలుగు పౌర్ణమి వెలుగులో సగం ఉంటుందనుకుంటారు చాలామంది. నిజానికి అది సుమారు పదో వంతే.

ఋతువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉత్తరార్ధగోళంలో మార్చి, ఏప్రిల్ నెలల అష్టమి చంద్రుడు చాలా ఎత్తులో ఉంటాడు; సెప్టెంబరులో దక్షిణ దిక్కున కిందికి దిగిపోతాడు. దక్షిణార్ధగోళంలో దీనికి తిరగబడుతుంది. 1973లో కాలిఫోర్నియాలో మొదలైన ఖగోళ దినోత్సవం వసంతకాలపు అర్ధచంద్రుడి దగ్గరి శనివారాన్ని ఎంచుకుంటుంది కాబట్టి అక్కడివాళ్లకు చంద్రుడు బాగా ఎత్తులో దొరుకుతాడు. 2010 నుంచి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరుగుతున్న అంతర్జాతీయ చంద్ర పరిశీలన రాత్రికి ఆ సౌకర్యం లేదు. ఉత్తర దేశాల్లో దాన్ని జరుపుకునేవాళ్లు దక్షిణం వైపు చెట్లూ భవనాలూ అడ్డం లేని మైదానం వెతుక్కోవాలి.

ఊళ్లో పెడితే: క్యూ లెక్క

ఊళ్లో కార్యక్రమం చెడిపోయేది ఆకాశం వల్ల కాదు, క్యూ వల్ల. మనిషి మెట్టెక్కి, కన్ను ఆనించి, చూసి, ఒక ప్రశ్న అడిగి దిగడానికి దాదాపు నిమిషం. మధ్యమధ్యలో టెలిస్కోపును సరిచేసుకోవాలి. అన్నీ పోను ఒక్కో టెలిస్కోపు దగ్గర గంటకు 45 మందికి మించి చూడలేరు. మూడు టెలిస్కోపులుంటే 135 చూపులు. 150 మంది వచ్చి, ఒక్కొక్కరూ మూడూ చూడాలనుకుంటే మూడు గంటలకు పైనే పడుతుంది. ఈ లెక్క వేయకుండా పోస్టరు ఊరంతా పంచితే చంద్రుడు దిగిపోయేదాకా సగంమంది వరుసలోనే ఉంటారు.

భూభ్రమణం మరో చిక్కు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 200 మి.మీ. అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న డాబ్సోనియన్‌లో (చేత్తో తిప్పే అద్దం టెలిస్కోపులో) 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, దాదాపు ఒక డిగ్రీ మేర కనిపిస్తుంది. అందులో చంద్రుడు మొత్తం పడతాడు, నాలుగు నిమిషాల దాకా గ్రహం బయటికి పోదు. అదే 10 మి.మీ. ఐపీస్‌తో 120 రెట్లకు వెళ్తే ఒకటిన్నర నిమిషంలో గురుడు అంచు దాటిపోతాడు. అంటే ఇద్దరు చూసేసరికి మూడోవాడికి ఖాళీ ఆకాశమే. మొహమాటానికి "ఆఁ, కనపడిందండీ" అని దిగిపోతాడు. అందుకే డాబ్సోనియన్‌కు చంద్రుణ్ని అప్పగించి, శనివలయాలూ గురుడి నాలుగు చందమామలూ చూపే పని మోటారుతో వెంటాడే మౌంట్ (టెలిస్కోపును మోసే పీఠం) మీదున్న చిన్న టెలిస్కోపుకు ఇవ్వాలి. అలాంటి మౌంట్ లేకపోతే గ్రహాన్ని ఐపీస్ మధ్యలో కాక, అది జరుగుతూ నడిమధ్యకు వచ్చేలా వెనక అంచున నిలిపి వదలండి. సమయం దాదాపు రెట్టింపు దొరుకుతుంది.

టెలిస్కోపుకు ఇద్దరు సభ్యులు ఉండి తీరాలి. ఒకరు ఐపీస్ దగ్గర, ఒకరు వరుస దగ్గర. వరుస దగ్గరున్నవాళ్లు ఏం కనిపించబోతోందో ముందే చెబితే ఐపీస్ దగ్గర సగం సమయం మిగులుతుంది. శని ఎంత చిన్నగా కనిపిస్తుందో ముందే చెప్పకపోతే నిరాశే. రాత్రంతా ఒక్కో టెలిస్కోపుకు ఒక్కటే లక్ష్యం ఉండాలి. "అదొకసారి చూపించండి, ఇదొకసారి చూపించండి" అన్నవాళ్ల మాట వింటే వెనకున్న నలభైమంది ఆగిపోతారు.

200 మి.మీ. డాబ్సోనియన్‌ను నడినెత్తికి తిప్పితే ఐపీస్ నేల నుంచి దాదాపు 1.2 మీటర్ల ఎత్తుకు వస్తుంది. చిన్నపిల్లలకు మెట్టు కావాలి, మెట్టెక్కిన పిల్లవాడు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఏదీ లేకపోతే ఐపీస్‌నే పట్టుకుని వేలాడతాడు. వీపు ఎత్తుగా ఉన్న కుర్చీని టెలిస్కోపు పక్కన పెడితే రెండు పనులూ తీరతాయి. కళ్లద్దాలవాళ్ల కోసం కంటికీ కటకానికీ మధ్య 15, 20 మి.మీ. దూరం ఇచ్చే ఐపీస్ ఉంచండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు డాబ్సోనియన్ దాదాపు పనికిరాదు; ముక్కాలిపీటను తగ్గించి అమర్చిన చిన్న రిఫ్రాక్టర్ (అద్దం బదులు కటకంతో పనిచేసే టెలిస్కోపు) నయం.

నేల విషయం ఒక్కటి. కాంక్రీటు, తారు పగటివేడిని గంటల తరబడి వదులుతూనే ఉంటాయి, ఆ గాలిలో గ్రహాలు మరుగుతున్నట్టు కదులుతాయి. గడ్డి మైదానం మేలు. అద్దం కూడా చల్లబడాలి కాబట్టి టెలిస్కోపులు కనీసం అరగంట ముందు బయటుండాలి.

ఊరవతల: ఎవరికి, ఎంతమందికి

చీకటి ఆకాశం ఇచ్చేది ఊళ్లో ఏ టెలిస్కోపూ ఇవ్వలేదు. పాలపుంతను మామూలు కంటితో చూడటం, 200 మి.మీ. అద్దంలో హెర్క్యులిస్ తారాగుచ్ఛం విడివిడి చుక్కలుగా పగలడం, ఓరియన్ నీహారిక రెక్కలు విప్పినట్టు పరుచుకోవడం, ఇవి వేరే స్థాయి. 2001లో జాన్ బోర్టల్ అనే ఖగోళ పరిశీలకుడు ప్రతిపాదించిన, ఆకాశం ఎంత చీకటో చెప్పే తొమ్మిది తరగతుల కొలతలో (1 అంటే అత్యంత చీకటి) 3 లేదా 4 దాకా వెళ్లగలిగితే ప్రయాణం వృథా పోదు. 6 దగ్గర ఆగేటట్టయితే అంతదూరం వెళ్లనక్కర్లేదు.

కానీ అక్కడ నిమిషానికొకరు అనే పద్ధతి చెల్లదు. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క ఫోన్ వెలుగుతో మళ్లీ మొదటికొస్తుంది. అలవాటు పడ్డాక కూడా గెలాక్సీని సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు కాస్త పక్కకు పెట్టి ఓపిగ్గా ఉండాలి. పది సెకన్లు చూసిన కొత్తవాడికి అదొక బూడిదరంగు మసక. ఫోటోల్లో ఎర్రగా, నీలంగా చూసి వచ్చినవాడికి అది మోసం లాగే అనిపిస్తుంది. కాబట్టి టెలిస్కోపుకు ఐదుగురు, మూడు టెలిస్కోపులకు పదిహేనుమంది, అంతే. బస్సు మాట్లాడి యాభైమందిని తీసుకెళ్లిన చోట గెలాక్సీల కంటే ఫోన్ తెరలే ఎక్కువ కనిపిస్తాయి.

ఏర్పాట్లు కూడా బరువే. స్థలం యజమాని లిఖితపూర్వక అనుమతి, మరుగుదొడ్డి, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, ఫోన్ సిగ్నల్ అందే చోటు ఎక్కడో తెలిసుండటం. వీటిలో మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లూ పిల్లలూ రెండోసారి రారు, దాన్ని చివర చూద్దామని వదిలేయకండి. పొద్దుగూకడానికి గంట ముందే చేరాలి. బండ్లను ముందుభాగం రోడ్డువైపు ఉండేలా ఆపితే, త్వరగా వెళ్లేవాళ్లు రివర్స్ లైట్లు వేయనక్కర్లేదు. తలుపు తీస్తే వెలిగే లోపలి దీపాన్ని కూడా ఆపేయాలి. టార్చికి రెండు మూడు పొరల ఎర్ర సెలోఫేన్ కాగితం చుడితే సరిపోతుంది, అయితే ఎరుపే కదా అని ప్రకాశవంతంగా ఉంచితే ప్రయోజనం లేదు. ఆకుపచ్చ లేజర్ ఒక్కరి చేతిలోనే ఉండాలి, 5 మిల్లీవాట్లు దాటకూడదు, విమానం కనిపిస్తే ఆపేయాలి. అర్ధరాత్రి దాటాక ఐపీస్ మసకబారితే అది మంచు. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. 12 వోల్టుల హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చని గాలి తగిలించండి.

పలుచని పొగమంచు ఉన్నా చంద్రుడూ గ్రహాలూ బాగానే కనిపిస్తాయి, ఒక్కోసారి మరింత నిలకడగా కూడా. గెలాక్సీలకు అదే పొగమంచు ఉరి. ఊళ్లో కార్యక్రమం రద్దయితే ఒక సందేశంతో పోతుంది, ఊరవతలిది రద్దయితే బండి బాడుగతో సహా పోతుంది. రెండు వైపులా రిస్కు ఊళ్లోనే తక్కువ.

చీకట్లోకి జనాన్ని పెద్ద సంఖ్యలో తీసుకెళ్లదగ్గ సందర్భం ఒక్కటే, ఉల్కాపాతం. టెలిస్కోపు అక్కర్లేదు, వరుస లేదు, చాపలు చాలు. ఆగస్టు 12, 13 తేదీల పెర్సీడ్స్, డిసెంబరు 13, 14 తేదీల జెమినిడ్స్ ఇందుకు తగినవి. 2026 ఆగస్టు 12 అమావాస్య కాబట్టి ఆ ఏడు పెర్సీడ్స్‌కు వెన్నెల బెడద లేదు. గంటకు వంద అని రాసే అంకెను మాత్రం ప్రకటనలో వేయకండి. ఉల్కలు వెలువడే బిందువు నడినెత్తిన ఉండి, ఆకాశం పూర్తి చీకటిగా ఉంటే వచ్చే లెక్క అది. వాస్తవంలో కనిపించేవి చాలా తక్కువ, అవీ ఎక్కువగా అర్ధరాత్రి తర్వాతే.

పగలూ రాత్రీ కలిపితే

క్లబ్ వార్షికోత్సవానికైతే మా ఓటు అష్టమి సాయంత్రానికే, అదీ చీకటి పడ్డాక కాదు, పొద్దుగూకడానికి రెండు గంటల ముందు నుంచి. అప్పుడు పడమట సూర్యుడూ, పైన అర్ధచంద్రుడూ ఒకేసారి ఉంటారు. తెల్ల బంతిని చంద్రుడి పక్కకు చాచి ఎండలో పట్టుకుంటే బంతి మీద వెలుగు చంద్రుడి మీదున్నట్టే సగం పడుతుంది. చంద్రకళలు భూమి నీడ వల్ల వస్తాయన్న అపోహ పోవడానికి దీన్ని మించిన పాఠం లేదు, ఖర్చు ఒక బంతి.

సూర్యుణ్ని చూపేటప్పుడు ఫిల్టరు టెలిస్కోపు ముందు భాగంలోనే ఉండాలి. లక్షో వంతు వెలుగే లోపలికి వదిలే సౌర ఫిల్ము వాడండి, గాలికి ఊడకుండా టేపు వేయండి. ఐపీస్‌కు బిగించే పాత రకం సౌర ఫిల్టర్లు వేడికి పగులుతాయి, వాటిని పారేయాలి. ఫైండర్‌ను (గురి చూసుకోవడానికి పక్కన బిగించే చిన్న దుర్భిణిని) తీసేయాలి లేదా మూసేయాలి. మరిచిపోయేది ఎక్కువగా ఇదే. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని టెలిస్కోపులోకి చూడనివ్వకండి, అవి కంటికే గానీ కటకాలు కూడగట్టిన వేడికి కాదు. ఆపరేటర్ టెలిస్కోపును ఒక్క క్షణం కూడా వదలకూడదు. సూర్యమచ్చలు పదకొండేళ్ల చక్రంలో పెరిగి తగ్గుతాయి, చక్రం అడుగున ఉన్న ఏళ్లలో మచ్చ ఒక్కటీ లేని రోజులుంటాయి. ఆ ఉదయం సూర్యుడి తాజా చిత్రం చూసి ప్రకటన రాయండి.

తెర మీద చిత్రం పేర్చుకుంటూ పోయే స్మార్ట్ టెలిస్కోపు గురించి ప్రతి క్లబ్బులోనూ రెండు పార్టీలున్నాయి. ఊళ్లో అది పనికొస్తుంది. వీధిదీపాల మధ్య కూడా ఓరియన్ నీహారిక రంగులు చూపిస్తుంది, వంగలేనివాళ్లు కుర్చీలోంచే చూడగలరు. అయినా జనం వచ్చేది శనివలయాన్ని సొంత కంటితో చూద్దామని, కాబట్టి దాన్ని ఓ పక్కన పెట్టండి. చీకటి మైదానంలో మాత్రం దాని తెరే శత్రువు.

తేదీ రాసేటప్పుడు ప్రత్యామ్నాయం కూడా రాయండి. అష్టమికి నవమి చక్కగా సరిపోతుంది, చంద్రుడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాడు, అంతే. అమావాస్య యాత్రకు ఆ తర్వాతి వారం పనికిరాదు, అప్పటికి వెన్నెల అర్ధరాత్రి దాకా ఉంటుంది. దానికి ముందు వారం పనికొస్తుంది, ఎందుకంటే కృష్ణ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి గానీ ఉదయించడు. కాబట్టి యాత్రను అమావాస్యకు ముందు శనివారానికే పెట్టి, మబ్బు పడితే అమావాస్య శనివారానికి జరపండి.