ప్రెప్లీలో తెలుగు పాఠాలు: కోత లెక్క తెలిసి దిగండి

నల్గొండ, పాలమూరు నుంచి పరదేశం పోయి తెలుగు చెప్పి సంపాదించాలనుకునేవాళ్లకు ప్రెప్లీ అనే ఆన్‌లైన్ ట్యూషన్ వెబ్‌సైట్ పనికొస్తుంది. కానీ వాళ్లు పట్టుకునే కమీషన్ కోత గట్టిదే. ప్రతి కొత్త విద్యార్థి ట్రయల్ క్లాసు డబ్బు మొత్తం ప్రెప్లీకే. ఆ తర్వాత క్లాసుల్లో కోత మొదట్లో 33 శాతం, 400 గంటలు చెప్పడం దాటితే 18. అంటే గంటకు 15 డాలర్లు రేటు పెడితే మొదట్లో చేతికొచ్చేది దాదాపు 10. ట్రయల్‌కొచ్చినవాళ్లు మళ్లీ రాకుంటే చెప్పిందంతా ఉత్తదే. అందుకే ఏ యాస నేర్పుతారో ప్రొఫైల్ వీడియోలోనే తేల్చేయండి. మిర్యాలగూడ అత్తమ్మతో మాట్లాడాలనుకునే విదేశీ కోడలికి 'ఎక్కడికి వెళ్తున్నారు' ఒక్కటే నేర్పితే, 'ఏడికి పోతున్రు' వినంగనే బిత్తరపోతుంది. రెండూ చెప్పాలె. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్నవాళ్లు మాత్రం దీని జోలికే పోవద్దు. స్పాన్సర్ చేసిన కంపెనీది కాని పని చేసి సంపాదించడం కుదరదు.