బాలానగర్‌లో బోటు ప్రొపెల్లర్ రిపేర్: అతుకు బాగుంది, కొలత మాత్రం మీరే అడగాలి

హైదరాబాద్‌లో ప్రొపెల్లర్ రెక్క విరిగితే దిక్కు బాలానగర్, జీడిమెట్ల వైపున్న అల్యూమినియం వెల్డింగ్ షాపులే. గేర్‌బాక్స్ కేసింగ్‌లు, బైక్ ఇంజన్ కవర్లు అతికే చేతులే ఇక్కడ పడవ రెక్కనూ అతుకుతాయి. ఈ రివ్యూ బాలానగర్‌లోని అలాంటి ఒక షాపు పనితనం గురించి, దాంతోపాటు కొన్న కొత్త స్పేర్ గురించి. రిపేర్‌కు ఇచ్చింది 15 హెచ్‌పీ యమహా ఔట్‌బోర్డ్‌కు (బోటు వెనక తగిలించే ఇంజన్) బిగించే మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్, వ్యాసం 9¼ అంగుళాలు, పిచ్ (ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు జరిగే దూరం) 9¾ అంగుళాలు. ఒక రెక్క మొన రూపాయి బిళ్లంత ఎగిరిపోయింది. ఇంకోటి ముందు అంచు దగ్గర వంగింది. మూడోదానికి గీతలే.

హుస్సేన్‌సాగర్‌లో తిరిగే బోటుకు ఈ దెబ్బలు కొత్త కాదు. నిమజ్జనం అయ్యాక క్రేన్లతో చట్రాలు ఎన్ని తీసినా అడుగున ఇనుప ఊచలు మిగిలిపోతుంటాయి. ఎండాకాలం నీళ్లు తగ్గాక అవి రెక్కకు అందుతాయి. గుర్రపుడెక్క రెక్కను విరవదు గానీ, దాంతో కలిసొచ్చే నైలాన్ తాడు షాఫ్ట్‌కు, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు, చుట్టుకుని ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది. అది ఇంకా పెద్ద ఖర్చు.

కాబట్టి ప్రొపెల్లర్ పట్టుకుని షాపుకు పరుగెత్తే ముందు షాఫ్ట్ చూడండి. స్పార్క్ ప్లగ్ వైర్లు పీకి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ ఊడదీసి షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. కదలకుండా బిగించిన ఒక పుల్ల మొనను షాఫ్ట్ కొసకు ఆనించినంత దగ్గరగా ఉంచితే, తిప్పినప్పుడు సందు పెరిగి తగ్గడం కంటికే తెలుస్తుంది. సన్నటి తేడాలు కొలిచే డయల్ గేజ్ ఉంటే మరీ మంచిది. షాఫ్ట్ వంగి ఉంటే ఎంత మంచి ప్రొపెల్లర్ వేసినా వణుకు పోదు. గేర్ ఆయిల్ కొంచెం కారనిచ్చి చూడండి, పాలరంగులో ఉంటే సీల్ పోయి నీళ్లు చేరినట్టే.

ఇక అతుకు సంగతి. ఏసీ టిగ్ (అల్యూమినియానికి వాడే ఎలక్ట్రిక్ వెల్డింగ్ పద్ధతి), ఆర్గాన్ గ్యాస్‌తో చేశారు. పని శుభ్రంగా ఉంది. విరిగిన చోట పెయింటు గీకి, స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడిచాకే టార్చ్ పెట్టారు. ఇది చిన్న విషయం కాదు. పోతపోసిన అల్యూమినియంలో లోపల సన్నటి గాలి బుడగలుంటాయి, వాటికి నూనె, తేమ తోడైతే అతుకు స్పంజిలా పొంగుతుంది. ఏ రాడ్ వాడారో అడగండి. సిలికాన్ కలిసిన పోతలకు 4043 నప్పుతుంది, మెగ్నీషియం రకానికి 5356. "ఏదో అల్యూమినియం రాడ్" అని జవాబొస్తే వేరే షాపు చూసుకోండి. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ లోహం కొంత మెత్తబడుతుంది, అది ఎవరు చేసినా తప్పదు. అందుకే మొన, అంచు విరిగితే అతికించుకోవచ్చు గానీ రెక్క మొదట్లో, అంటే రెక్కలన్నీ కలిసే మధ్య భాగమైన హబ్ దగ్గర, బీట కనిపిస్తే మాత్రం రిపేర్ మాట వదిలేయండి. బలమంతా పడేది అక్కడే.

తప్పు జరిగింది వంగిన రెక్క దగ్గర. వేడి చేయకుండానే సుత్తితో కొట్టి సరిచేయబోయారు. పోత అల్యూమినియం చల్లగా ఉన్నప్పుడు కొడితే వంగే చోటే పగులుతుంది. వేడి చేసి కొట్టమని అడిగాక చేశారు, పగుళ్లు రాలేదు. కానీ వంపును కంటి అందాజాతో తేల్చేశారు. చూపుకు మూడు రెక్కలూ ఒకలాగే ఉన్నాయి, కొలిస్తే లేవు.

కొలవడం ఇలా. ప్రొపెల్లర్‌ను వెనక ముఖం పైకి వచ్చేలా సమతలమైన పలక మీద పెట్టండి, మందపాటి అద్దం పలక చాలు. మధ్య నుంచి 82 మిల్లీమీటర్ల దూరంలో, అంటే వ్యాసార్ధంలో సుమారు 70 శాతం దగ్గర, ప్రతి రెక్క మీదా వృత్తంలా గీత గీయండి. ఆ గీత మీద 30 డిగ్రీల ఎడంతో రెండు చుక్కలు పెట్టి పలక నుంచి వాటి ఎత్తు కొలవండి. రెండు ఎత్తుల తేడాను 12తో గుణిస్తే ఆ రెక్క పిచ్. 9¾ అంగుళాలకు తేడా 20.6 మిల్లీమీటర్లు రావాలి. ఇక్కడ దెబ్బతినని రెక్క, మొన అతికిన రెక్క రెండూ 20.5 చూపించాయి. వంగి సరిచేసిన రెక్క 18.5 దగ్గర ఆగింది, అంటే సుమారు 8¾ అంగుళాలు. ఒక రెక్క ఒక అంగుళం తక్కువ నెడుతుంటే తూకం ఎంత సరిగ్గా ఉన్నా బోటు వణుకుతూనే ఉంటుంది, ఆ వణుకు బేరింగ్‌లకూ సీల్‌కూ చేరుతుంది. ఈ అంకెలు చూపించాక షాపువాళ్లు మారు మాట్లాడకుండా మళ్లీ వేడి చేసి 20కి తెచ్చారు. అంత సహకారం దొరకడం ఈ షాపుకు పెద్ద ప్లస్. చివరికి తేలింది ఒక్కటే, ఒక్క మిల్లీమీటరు తప్పితే పిచ్‌లో దాదాపు అర అంగుళం తప్పుతుంది.

తూకం వాళ్లు చూడరు, అడగాలి. హబ్‌లో వంకర లేని కడ్డీ దూర్చి, మట్టం చేసిన రెండు పట్టీల మీద ఉంచితే బరువు రెక్క తనంతట తానే కిందికి దిగుతుంది. ఆ రెక్క వెడల్పు ముఖం మీదే కొద్దికొద్దిగా అరగదీయాలి, అంచుల జోలికి పోకూడదు. ముందు అంచును ఆకురాయితో కత్తిలా పదును పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది కూడా ఆపించండి. మొదట్లో ఎంత గుండ్రం ఉందో అంతే ఉంచాలి.

చాలామంది మరిచేది హబ్ లోపల ఉండే రబ్బరు బుష్. వెల్డింగ్ వేడి హబ్‌కు పాకితే రబ్బరు పట్టు వదులుతుంది. హబ్ చుట్టూ తడిగుడ్డ కట్టి, మధ్యమధ్య ఆగుతూ వెల్డ్ చేయమనండి. బిగించే ముందు వెనక వైపు బుష్ మీద నుంచి హబ్ మీదకు ఒకే పెయింటు గీత గీసి, నిండు థ్రాటిల్‌లో కాసేపు నడిపి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ జారుతున్నట్టు. ఇంజన్ గోల పెరిగినా బోటు ముందుకు కదలకపోవడం దాని లక్షణం. కొత్త బుష్ ప్రెస్ మీదే ఎక్కించాలి, సుత్తితో కాదు.

ఇప్పుడు స్పేర్. రిపేర్ బిల్లు కొత్తదాని ధరలో సగం దాటేట్టుంటే కొత్తదే కొనాలని మా అభిప్రాయం. ఇక్కడ సగానికి బాగా లోపలే తేలింది. కొనేటప్పుడు కొలతతోపాటు యమహా వేసే అక్షరం కూడా కలవాలి, ఈ ఇంజన్‌కు జె. జి గుర్తున్నది పెద్ద ఇంజన్లకు, దాని స్ప్లైన్ పళ్లు (షాఫ్ట్ పళ్లలో ఇమిడే హబ్ లోపలి పళ్లు) దీనికి కుదరవు. పిచ్ విషయంలో హైదరాబాద్‌కు ఒక లెక్క ఉంది. మనం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం, గాలి పలచన కాబట్టి ఇంజన్ కొంత బలం కోల్పోతుంది. నిండా మనుషులతో నడిచే బోటుకు ఒక అంగుళం తక్కువ పిచ్ తీసుకుంటే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 పెరుగుతుంది. మాన్యువల్ 4500–5500 అంటే, మామూలు బరువుతో ఆ పైభాగానికి చేరాలి. చేరకపోతే ఇంజన్ బరువు మోస్తూ రొప్పుతున్నట్టే.

స్టెయిన్‌లెస్ స్పేర్ వద్దు. ఊచ తగిలినప్పుడు అల్యూమినియం రెక్క తను విరిగి దెబ్బ తీసుకుంటుంది, స్టెయిన్‌లెస్ ఆ దెబ్బను గేర్లకు పంపే ప్రమాదం ఎక్కువ.

డబ్బాలో ప్రొపెల్లర్ ఒక్కటే ఉంటే చెరువు మధ్యలో పనికిరాదు. థ్రస్ట్ వాషర్ (షాఫ్ట్ మీద ప్రొపెల్లర్‌కు ముందు కూర్చునేది), స్పేసర్, నట్, మూడు స్ప్లిట్ పిన్‌లు, నీటికి కరగని గ్రీజు, స్పానర్, కటింగ్ ప్లయర్, ఒక చెక్కదిమ్మ కూడా ఉండాలి. దిమ్మను రెక్కకూ దాని పైన ఇంజన్‌కు ఉండే అడ్డపలకకూ మధ్య ఇరికిస్తే నట్ తిప్పేటప్పుడు ప్రొపెల్లర్ తిరగదు. థ్రస్ట్ వాషర్ నీళ్లలో జారిపోవడం అన్నిటికంటే ఎక్కువ జరుగుతుంది, అది లేకుండా బిగిస్తే హబ్ గేర్ కేసుకు రాసుకుంటుంది. స్ప్లైన్‌కు గ్రీజు పూసి ఎక్కించి, నట్‌ను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి కొత్త పిన్ వేయండి, పాత పిన్ మళ్లీ వంచితే విరుగుతుంది.

మా ఎంపిక: బోటు మీద కొత్తది, డబ్బాలో సరిచేసినది. కానీ ఒకసారి బిగించి, నిండు థ్రాటిల్‌లో వణుకు, ఆర్‌పీఎం, పెయింటు గీత చూశాకే దాన్ని డబ్బాలో పెట్టండి. అతుకుకు ఈ షాపుకు అయిదుకు నాలుగున్నర, కొలతకు రెండు. ఎత్తుల అంకెలు కాగితం మీద రాసి తీసుకెళ్తే ఆ రెండు కాస్తా నాలుగవుతుంది.