లైసెన్సు అక్కర్లేని గాలి పడవ: నెకర్ నది మీద కొన్ని వేసవుల వాడకం

జర్మనీలో చిన్న మోటారు పడవ కొనాలనుకునేవాళ్లను దుకాణాలు ఒకే మాటతో ఆకట్టుకుంటాయి: "లైసెన్సు అక్కర్లేదు". నేనూ ఆ మాట చూసే 2.9 మీటర్ల గాలి పడవనూ, దానికి రెండున్నర హార్స్‌పవర్ పెట్రోలు మోటారునూ కొన్నాను. కొన్ని వేసవులుగా హైడెల్‌బర్గ్ చుట్టుపక్కల నెకర్ నది మీద వాడుతున్నాను. పడవ మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఆ మాట మీదే ఉన్నాయి.

ముందు చట్టం సంగతి. ఇక్కడి నదుల మీద మోటారు 15 హార్స్‌పవర్ దాటితేనే 'స్పోర్ట్‌బోట్‌ఫ్యూరర్‌షైన్ బిన్నెన్' అనే లైసెన్సు కావాలి. 2012 దాకా ఈ హద్దు 5గా ఉండేది. రైన్ నది మీద ఇప్పటికీ 5 దాటితే లైసెన్సు అడుగుతారు. నెకర్ మాన్‌హైమ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. అంటే 6 హార్స్‌పవర్ మోటారుతో నెకర్ మీద నిశ్చింతగా వచ్చిన మనిషి సంగమం దాటగానే నేరస్థుడవుతాడు! కొనేటప్పుడు నాకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు.

రెండో హద్దు 2.21 కిలోవాట్లు, అంటే 3 హార్స్‌పవర్. అది దాటితే పడవకు నంబరు తీసుకోవాలి. జలమార్గాల కార్యాలయం ఆ నంబరు ఇస్తుంది. ఏడీఏసీ (జర్మన్ వాహనదారుల సంఘం) వంటి సంఘాలు ఇచ్చే అంతర్జాతీయ పడవ పత్రం నంబరైనా చెల్లుతుంది కానీ దాన్ని రెండేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి. నా మోటారు 1.84 కిలోవాట్లే కాబట్టి నంబరు బెడద లేదు. అయినా పడవ మీద ఏమీ రాయకుండా తిరిగితే ఒప్పుకోరు. బయట 10 సెంటీమీటర్ల ఎత్తు లాటిన్ అక్షరాలతో పడవ పేరు, లోపల యజమాని పేరు, చిరునామా ఉండాలి. పేరును తెలుగులో రాయాలన్న సరదా అక్కడితో తీరిపోయింది.

బీమా చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయితే మామూలు వ్యక్తిగత బాధ్యత బీమాల్లో చాలావాటికి మోటారు పడవ వర్తించదు. ఎవరి ఖరీదైన పడవకో మన పంకా (ప్రొపెల్లర్) తగిలితే డబ్బు మన జేబులోంచే పోతుంది. ప్రత్యేక పాలసీకి ఏడాదికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. నేను మొదటి వారంలోనే తీసుకున్నాను.

అవసరం లేని లైసెన్సును కూడా తర్వాత నేను తీసుకున్నాను. ఈ సమీక్షలో అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది గానీ నది నియమాల నుంచి ఎవరికీ లేదు. ఎర్ర దీపం, నీలి పలక, పొడుగాటి కూత, పొట్టి కూతలు రెండున్నర హార్స్‌పవర్ వాడికీ అంతే వర్తిస్తాయి. ఎదురుగా వచ్చే సరకు నౌక కుడివైపు నీలి పలక, దాని మధ్య మినుకుమనే తెల్ల దీపం కనిపించాయంటే, ఎదురొచ్చే నౌకలు ఎప్పటిలా ఎడమ పక్కల నుంచి కాకుండా కుడి పక్కల నుంచి దాటుకోబోతున్నాయని అర్థం. ఇది తెలియనివాడు రెండు నౌకల మధ్య ఇరుక్కుంటాడు. పరీక్షలో 30 ప్రశ్నలే వస్తాయి. ప్రశ్నల జాబితా మొత్తం ముందే ప్రభుత్వ జలమార్గాల వెబ్‌సైటు ఎల్విస్‌లో దొరుకుతుంది. వైద్యుడి పత్రం, కారు లైసెన్సు నకలు జతచేయాలి. ప్రయోగ పరీక్షలో ముడులు వేయించి, నీళ్లలో పడిన మనిషిని పైకి తీసే విన్యాసం చేయిస్తారు. మనిషి ఏ వైపు పడితే ఆ వైపుకే చుక్కాని తిప్పాలన్న సంగతి నేను అక్కడే నేర్చుకున్నాను. అలా తిప్పితే పడవ వెనక భాగం, దానితోపాటు పంకా, అతనికి దూరంగా జరుగుతాయి.

ఇక పడవ. ఇది పీవీసీ గుడ్డతో చేసింది, అడుగున గాలి నింపే గట్టి పరుపు ఉంది. పక్క గొట్టాల్లో పీడనం 0.25 బార్, అడుగు పరుపులో అంతకు మూడు రెట్లు. కాలి పంపుతో గొట్టాలు సులభంగానే నిండుతాయి కానీ పరుపు దగ్గర ప్రాణం లేచిపోతుంది. కారు బ్యాటరీతో నడిచే పంపు కొనుక్కోవడం మేలు. ఉదయం బిగువుగా నింపి ఒడ్డున ఎండలో వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి కుట్లు, అతుకుల మీద భారం పడుతుంది. చల్లటి నీళ్లలోకి దింపగానే అదే పడవ మెత్తబడుతుంది. అందుకని నీళ్లలో పెట్టాక మళ్లీ ఒకసారి పీడనం చూసుకుంటాను. మోటారు బిగించే వెనక పలక దగ్గర జిగురు రెండో వేసవికల్లా కాస్త లేచింది. అమ్మినవాళ్లు వారంటీలోకి రాదన్నారు. రెండు పాళ్లు కలిపే పీవీసీ జిగురుతో నేనే అతికించుకున్నాను, ఇప్పటిదాకా ఊడలేదు. వెనక పలక మీద ఉన్న ఫలకం ప్రకారం ఇది 'డి' తరగతి పడవ. అంటే చిన్న అలలు, మితమైన గాలి ఉన్న నీళ్లకే పనికొస్తుంది. నలుగురు ఎక్కవచ్చని అదే ఫలకం మీద ఉంది. ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడు, ఒక తిండి సంచీ. ఇంతకుమించి నేను ఎక్కించను.

మోటారు పద్నాలుగు కిలోల లోపే ఉంటుంది కాబట్టి ఒక్క చేత్తో మోయవచ్చు. ఈ పడవను గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో తీసుకెళ్తుంది. నెకర్‌కు ఇది సరిపోతుంది. మాన్‌హైమ్ నుంచి ప్లోకింగెన్ దాకా ఇరవై ఏడు లాకులు (పడవలను ఒక నీటిమట్టం నుంచి మరోదానికి దాటించే తలుపుల గదులు) కట్టి నీటిని నిలిపారు కాబట్టి ఎండాకాలంలో ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది. రైన్ అలా కాదు. ఆ ప్రవాహానికి ఎదురు వెళ్లాలని చూస్తే ఉన్నచోటే పెట్రోలు తగలబెట్టినట్టవుతుంది. అక్కడ ఈ మోటారు మనల్ని గమ్యం చేర్చదు సరికదా, ప్రమాదం నుంచి పక్కకు కూడా తప్పించలేదు. చట్టం ఒప్పుకున్నా నేను ఈ పడవతో రైన్‌లోకి వెళ్లను.

నెకర్ మీద 105 మీటర్ల సరకు నౌకలు తిరుగుతాయి. వాటి ముక్కు ముందు కొంత దూరం దాకా నావికుడికి ఏమీ కనిపించదు. నీటికి ఆనుకున్నట్టుండే బూడిదరంగు గాలి పడవ కంటికి అసలే ఆనదు. దారి ఇవ్వాల్సింది ఎప్పుడూ చిన్న పడవే. ఒడ్డు పక్కనే ఉంటాను, నదిని నేరుగా అడ్డం దాటుతాను, మలుపుల్లో దాటను. లాకుల్లోకి పెద్ద నౌకల తర్వాతే వెళ్లాలి. తాడును కొక్కేనికి చుట్టి చేత్తో పట్టుకుని నీటిమట్టంతో పాటు వదులుతూ పోవాలి. ముడివేస్తే నీళ్లు దిగినప్పుడు పడవ గోడకు వేలాడుతుంది. ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగిన నాకు ఇదంతా తెలిసిన వ్యవహారమే అనిపించింది గానీ, ముందున్న నౌక బయల్దేరుతూ పంకా తిప్పితే వెనక నీళ్లు ఎంతలా సుడులు తిరుగుతాయో ఒడ్డు మీద నుంచి చూసేవాళ్లకు తెలియదు. లాకు పక్కన ఆనకట్ట ఉంటుంది. దాని కింద తిరిగే నీటి చుట్ట మనిషిని బయటికి వదలదు. మోటారు మొరాయిస్తే ఆనకట్ట వైపే కొట్టుకుపోతాం కాబట్టి తెడ్లు, తాడు కట్టిన చిన్న లంగరు లేకుండా బయల్దేరకూడదు.

లైఫ్‌జాకెట్ విషయంలో బేరాలు లేవు. 50 న్యూటన్ల (మనిషిని తేల్చే బలం కొలత) రకం ఈత వచ్చి తెలివిలో ఉన్నవాళ్లకే సాయపడుతుంది. 150 న్యూటన్ల రకమైతే స్పృహ తప్పినవాళ్లను వెల్లకిలా తిప్పడానికి ఉద్దేశించినది. రాజమండ్రి నుంచి వచ్చిన నాన్న, "గోదాట్లో ఈత నేర్చుకున్నవాడికి ఇదెందుకురా?" అన్నారు. "కచ్చులూరు గుర్తుంది కదా నాన్నా" అన్నాను. 2019 సెప్టెంబరు 15న అక్కడ పర్యాటక బోటు మునిగినప్పుడు వారాల తరబడి టీవీ ముందు నుంచి లేవని మనిషి ఆయన. మారుమాట్లాడకుండా తొడుక్కున్నారు.

మోటారుకుండే ఎర్ర చుట్టల తాడును మణికట్టుకో కాలికో తగిలించుకోవాలి. నడిపేవాడు నీళ్లలో పడితే అది ఊడి మోటారు ఆగిపోతుంది. అది లేకపోతే ఖాళీ పడవ గుండ్రంగా తిరిగి, తిరుగుతున్న పంకాతో అతని మీదికే వస్తుంది. మద్యం హద్దు ఇక్కడి నదుల మీద 0.5 పర్ మిల్లే, అంటే రక్తంలో వెయ్యికి అర పాలు. బీరు సీసాలతో పడవ ఎక్కేవాళ్లను చూస్తూనే ఉంటాను.

మోటారు ట్యాంకు లీటరే కావడం చికాకు. పూర్తి వేగంలో గంటసేపు వస్తుంది. వేడి మోటారులో నది మధ్య పెట్రోలు పోయడం నాకిష్టం లేదు కాబట్టి ఒడ్డుకు చేరాకే పోస్తాను. శరదృతువులో కార్బురేటర్‌లోని పెట్రోలు ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపాలి. లేకపోతే వసంతంలో జిగురు పట్టి మోటారు అంటుకోదు. కారులో పడుకోబెట్టేటప్పుడు తయారీదారు చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి. పక్క మారితే నూనె సిలిండర్‌లోకి దిగుతుంది. పంకా రాయికి తగిలితే విరిగేలా పెట్టిన చిన్న పిన్ను రెండో ప్రతి ఎప్పుడూ సంచీలో ఉంటుంది.

ఇలాంటిది గోదావరిలో వేసుకోవచ్చా అని రాజమండ్రి బంధువులు అడుగుతుంటారు. మన దేశంలో 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం యంత్రంతో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్, బీమా అడుగుతుంది. మూడు హార్స్‌పవర్ లోపు కదా అని ఇక్కడి లెక్క అక్కడ చెబితే చెల్లదు. కాగితాల సంగతి తేల్చుకోకుండా పడవ కొనవద్దని చెప్పాను.

ఇప్పుడు కొనాల్సివస్తే పడవ ఇదే కొంటాను, మోటారు మాత్రం కరెంటుది తీసుకుంటాను. చప్పుడు ఉండదు కాబట్టి వెనక నుంచి వచ్చే నౌక కూత వినిపిస్తుంది. పెట్రోలు మోటారు మోతలో అది వినపడక ప్రతి రెండు నిమిషాలకూ మెడ తిప్పి చూడాల్సి వస్తోంది.