పెరటి కోళ్లకు కాల్షియం: గుడ్డు పెంకులా, టానిక్కా?

బెజవాడ ఎండలకి కోళ్లు నోరు తెరిచి రొప్పడం మొదలుపెడితే గుడ్డు పెంకు పల్చబడుతుంది, అప్పుడే అందరికీ ఈ డౌటు.

ఖర్చు: పెంకులు ఇంట్లోవే. టానిక్ సీసా కొనాలి.

శ్రమ: పెంకుల్ని కడిగి, పెనం మీద బాగా వేయించి, రవ్వలా నలగ్గొట్టాలి, మరీ మెత్తగా చేయకండి, పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట, ముతక ముక్కలైతే కందనకాయలో నిదానంగా కరుగుతూ అప్పటికి అందుతాయి. టానిక్‌దేముంది, నీళ్లలో కలిపేయడమే, కాకపోతే రోజూ మార్చాలి.

రిస్క్: ఆ నీళ్లు కోడిపిల్లలూ తాగేస్తాయి, వాటికి అదనపు కాల్షియం కిడ్నీలకి చేటు. పెంకులు వేరే చిప్పలో పెడితే కావాల్సిన కోడిపెట్టే తింటుంది.

లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల కోసం కాల్షియం కలిపి అమ్మే దాణా) వేస్తుంటే రెండూ పెద్దగా అక్కర్లేదు. నూకలు, జొన్నల మీద బతికే పెట్టలకి పెంకులు చాలు. వరసగా తోలు గుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెడుతుంటే మాత్రం పశువుల డాక్టర్ని అడిగి కొన్నాళ్లు టానిక్ పట్టండి.