మూత మొత్తం ఊడే పిల్లి క్యారియర్: ఏళ్ల తరబడి వాడాక

పిల్లి క్యారియర్ కొనేవాళ్లు ఎక్కువగా రంగు, కిటికీ, భుజానికి తగిలించుకునే పట్టీ చూస్తారు. డాక్టరు గారి బల్ల దగ్గర ఇవేవీ అక్కరకు రావు. అక్కడ పనికొచ్చేది ఒక్కటే: పిల్లిని కదపకుండా పై మూత మొత్తం తీసేయగలగడం. మేం వాడుతున్నది ఆ రకమే. రెండు గట్టి ప్లాస్టిక్ డొప్పలు, ముందు ఇనుప చువ్వల తలుపు, నడినెత్తిన ఇంకో చిన్న తలుపు, చుట్టూ టిఫిన్ క్యారియర్ గడియల్లాంటి క్లిప్పులు. పొడవు 48 సెంటీమీటర్లు. నాలుగు కిలోల పిల్లి అందులో లేచి నిలబడి వెనక్కి తిరగగలదు. అంతకంటే పెద్ద పిల్లికి 55 సెంటీమీటర్లది కావాలి.

మూత సంగతి ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నామంటే, క్లినిక్‌లో గొడవ మొదలయ్యేది సూదితో కాదు, పిల్లిని బయటికి తీయడంతో. ముందు తలుపులోంచి చెయ్యి పెట్టి లాగితే నాలుగు కాళ్లూ అంచుకి తన్నిపెట్టి వెనక్కి జరుగుతుంది. క్యారియర్ వంచి గుమ్మరిస్తే బల్ల మీద జారి పడి, పడీ పడగానే దూకుతుంది. ఇక ఆ తర్వాత మెడ పట్టుకోవడం, కరవడం, రక్కడం అన్నీ వరసగా వచ్చేస్తాయి. మూత తీస్తే ఇదేదీ ఉండదు. కింది డొప్పలో తన తువ్వాలు మీద, తన వాసనలోనే కూర్చుని ఉంటుంది. గుండె వినడం, పొట్ట తడమడం, సూది వెయ్యడం అన్నీ అక్కడే అయిపోతాయి. మెడ పట్టి ఎత్తడం మానమని పిల్లుల వైద్యుల అంతర్జాతీయ, అమెరికా సంస్థలైన ఐఎస్ఎఫ్ఎం, ఏఏఎఫ్‌పీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉంది. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, కాకపోతే మనం నోరు తెరిచి అడగాలి.

మూత తీయడానికీ ఒక పద్ధతుంది, ఇద్దరు కావాలి. ముందు గది తలుపు, కిటికీ మూయించండి, పైన ఫ్యాన్ ఆపించండి. క్లిప్పును వదిలేస్తే టక్కుమని కొట్టుకుంటుంది, ఆ చప్పుడుకే పిల్లి సగం బెదురుతుంది. కాబట్టి ఒక బొటనవేలు దాని మీద ఆనించి మెల్లగా విప్పాలి. అన్నీ విప్పాక ఒకరు మూతను నాలుగు వేళ్ల మందం ఎత్తితే, రెండోవాళ్లు ఆ సందులోంచి తువ్వాలు అడ్డంగా జొనపాలి. మూత పూర్తిగా పైకి లేచేసరికి పిల్లి మీద తువ్వాలు కప్పేసి ఉంటుంది. ఇక ఎంత భాగం చూడాలో అంతే తెరవండి. తల కప్పి ఉన్నంతసేపూ చాలా పిల్లులు కదలవు. టీకాను మెడ మీద కాకుండా కాలికి, వీలైనంత కిందికి వెయ్యమని అడగండి. టీకా వేసిన చోట అరుదుగా గడ్డ క్యాన్సర్‌గా మారితే కాలికైతే ఆపరేషన్‌కు దారుంటుంది, మెడ దగ్గర కష్టం.

ఇక లోపాలు. పిడి పై డొప్పకే ఉంటుంది. అంటే పిల్లి బరువంతా క్లిప్పుల మీదే వేలాడుతుంది. ముందు పోయేవి వెనకవైపు క్లిప్పులు. విరిగే ముందు మడత దగ్గర ప్లాస్టిక్‌లో తెల్లటి గీత పడుతుంది. అది కనిపించిందంటే ఆ క్లిప్పుకు రోజులు దగ్గర పడ్డాయనే లెక్క, విడిగా కొందామంటే దొరకడం కష్టం. కొత్తదైనా సరే, పిడి ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి అడుగున పెట్టే మోయాలి. పాతబడ్డాక సూట్‌కేసుకు కట్టే నైలాన్ బెల్టు చుట్టూ బిగిస్తే ఇంకొన్నేళ్లు లాగుతుంది. జిప్ టైలు వేస్తే మాత్రం మూత తీయడానికి కత్తెర కావాలి, ఇంకేం లాభం? ఖాళీగా ఉన్నప్పుడు డాబా మీద, బాల్కనీలో ఎండకు పెట్టకండి, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. నట్లు బోల్టులతో బిగించే రకం గట్టిదే, విమానం కార్గోలో పంపడానికి సాధారణంగా అదే అడుగుతారు. క్లినిక్‌లో మాత్రం అన్ని నట్లు విప్పేసరికి అందరి ఓపికా అయిపోతుంది.

చువ్వల తలుపు మూశాక పై మూలా కింది మూలా పట్టి ఒకసారి ఊపి చూడాలి. మూత సరిగా కూర్చోకపోతే తలుపు మేకు రంధ్రంలోంచి బయటే ఉంటుంది, చూడ్డానికి మూసినట్టే కనిపిస్తుంది.

అడుగు నున్నగా ఉండటం ఇంకో ఇబ్బంది. ఆటో బ్రేకు వేసినప్పుడల్లా తువ్వాలుతో సహా పిల్లి ముందుకు జారుతుంది. పాత యోగా మ్యాటు ముక్క కోసి అడుగున వేసి, దాని మీద మెడికల్ షాపులో మంచాన పడ్డ పేషెంట్ల కోసం అమ్మే అండర్‌ప్యాడ్, ఆపైన మందపాటి తువ్వాలు వెయ్యండి. ఇంకో ప్యాడ్, ఇంకో తువ్వాలు సంచిలో ఉండాలి. దారిలో ఉచ్చ పోస్తే, తిరుగు ప్రయాణం ఆ తడిలో చేయిస్తే, ఈసారి క్యారియర్ దగ్గరికే రాదు.

కడగడానికి ఫినాయిల్ వాడకండి. ఫినాల్ జాతి పదార్థాలను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కాళ్లకంటింది నాకినా ప్రమాదమే. డెట్టాల్ లాంటి వాటికీ ఇదే మాట. సబ్బునీళ్లు చాలు. ప్యాన్‌ల్యూకోపీనియా అనే ప్రమాదకరమైన వైరస్ అంటువ్యాధి వచ్చిన పిల్లిని తీసుకెళ్లిన క్యారియర్ అయితే ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, బాగా కడిగి ఆరబెట్టాలి.

అలవాటు చేయడం గురించి క్లుప్తంగా. క్యారియర్ అటక మీద ఉండకూడదు. అటక మీంచి దింపిన రోజే క్లినిక్కి వెళ్తారని పిల్లికి రెండోసారికే తెలిసిపోతుంది. హాల్లో ఒక మూల కింది డొప్ప ఒక్కటే పెట్టి, అందులో తువ్వాలు వేసి, గిన్నె అక్కడే పెట్టండి. అందులో పడుకోవడం మొదలయ్యాక మూత, ఇంకొన్నాళ్లకు తలుపు, ఆ తర్వాత క్షణం సేపు మూసి తెరవడం, ఎత్తి దించడం. ఒక మెట్టులో బెదిరితే వెనకటి మెట్టుకు పోవాలి. ఎమర్జెన్సీ అయి ఇదేదీ చేసే టైం లేకపోతే, క్యారియర్‌ను నిలువుగా గోడకు ఆనించి తలుపు పైకి ఉండేలా పెట్టి, తువ్వాల్లో చుట్టిన పిల్లిని వెనక కాళ్ల వైపు నుంచి దించండి. నెత్తి తలుపులోంచి దించడం ఇంకా తేలిక, కానీ పెద్ద మగపిల్లులకు ఆ తలుపు ఇరుకు.

ఎంత అలవాటు చేసినా కొన్ని పిల్లులకు మందు తప్పదు, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. భయం తగ్గడానికి డాక్టర్లు ఎక్కువగా రాసే మందు గ్యాబాపెంటిన్. మామూలు సైజు పిల్లికి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, బయల్దేరే ముందు రెండు మూడు గంటల వ్యవధి ఉండేలా. కిడ్నీ జబ్బున్న పిల్లికి మోతాదు తగ్గిస్తారు, కాబట్టి పక్కింటివాళ్ల పిల్లికి రాసింది మీ పిల్లికి వెయ్యకండి. మన మెడికల్ షాపుల్లో అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోటి ఉంది. ఇక్కడ గ్యాబాపెంటిన్ ఎక్కువగా నార్ట్రిప్టిలిన్, మిథైల్‌కోబాలమిన్ లాంటి వేరే మందులతో కలిపి అమ్ముతారు. పేరు చివర ‘ఎన్‌టీ’, ‘ఎం’ లాంటి అక్షరాలుంటే స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. కావాల్సింది ఒక్క గ్యాబాపెంటిన్ మాత్రమే ఉన్న 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్. 300ది తెచ్చి కంటికొలతతో మూడు వాటాలు వెయ్యడం కూడా వద్దు. మనుషుల సిరప్ రకాల్లో కొన్నింట్లో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటుంది, అదీ వద్దు.

క్యాప్సూల్ విప్పి పొడిని చెంచాడు చికెన్ గ్రేవీలోనో, నాకించే ట్రీట్‌లోనో కలపండి. గిన్నెడు తిండిలో కలిపితే సగం వదిలేస్తుంది, ఎంత లోపలికి పోయిందో తెలియదు. చేదు తగిలితే నురగ కక్కుతుంది, కంగారు పడక్కర్లేదు. మొదటిసారి క్లినిక్ లేని రోజున వేసి చూడండి. కొన్ని మత్తుగా పడుకుంటాయి, కొన్ని తూలుతూ తిరుగుతాయి. ఆ రోజంతా బీరువాల మీదికి, బాల్కనీ గోడ మీదికి ఎక్కనివ్వొద్దు. ఆపరేషన్ ఉన్న రోజైతే తిండి, మందు రెండూ డాక్టర్ చెప్పిన టైం ప్రకారమే.

ఫెలివే లాంటి ఫెరోమోన్ స్ప్రే (పిల్లులు ఒకదానికొకటి సంకేతంగా వదిలే వాసనను పోలినది) కూడా వాడాం. పిల్లి ఎక్కక ముందు పావుగంట వ్యవధి ఉంచి కొట్టాలి, అందులోని ఆల్కహాల్ ఆరకపోతే ఆ వాసనకే పారిపోతుంది. కొన్ని పిల్లుల్లో తేడా కనిపిస్తుంది, కొన్నింట్లో ఏమీ లేదు. ధర చూస్తే ముందు మంచి తువ్వాలు కొనుక్కోమనే చెబుతాం.

ఆటోలో క్యారియర్ ఒళ్లో, అడ్డంగా, తలుపు మన పొట్ట వైపు ఉండాలి. కారులో ముందు సీటు వెనక నేల మీద పెడితే కదలదు. స్కూటర్ మీదైతే వెనక కూర్చునేవాళ్లుంటేనే. పైన పల్చటి నూలు గుడ్డ, పాత పంచె ముక్క చాలు, మూడు వైపులా కప్పి ఒక వైపు గాలికి వదలండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ ఒప్పుకోకండి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్న పిల్లిని ‘వేడికి కుక్కలాగే రొప్పుతోంది’ అనుకోకూడదు, అది ప్రమాద సూచన. బుడగలాంటి పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న బ్యాగుల మీద మా ఫిర్యాదు ఇక్కడే: గాలి తక్కువ, ఎండ నేరుగా లోపలికి, దాక్కోవడానికి చోటు లేదు.

క్లినిక్‌లో క్యారియర్‌ను నేల మీద పెట్టకండి, కుక్కల మూతులు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. కుర్చీ మీద, గోడ వైపు తిప్పి పెట్టండి. పేరు రాయించి వంతు వచ్చేదాకా బయట ఆటోలోనే కూర్చోగలిగితే మరీ మంచిది. బెదిరిన పిల్లికి రక్తంలో చక్కెర, బీపీ రెండూ పెరుగుతాయి. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన షుగర్ జబ్బని తేల్చరు. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో ఇంట్లోనే లెక్కపెట్టి, వీడియో తీసుకెళ్తే డాక్టరుకు ఎంతో సాయం. 30 దాటుతుంటే ఆ మాట ముందే చెప్పాలి.

ఇంట్లో రెండో పిల్లి ఉంటే, తిరిగొచ్చిన దాన్ని వెంటనే వదలొద్దు. ఆసుపత్రి వాసనకు కొత్త పిల్లి అనుకుని మీద పడుతుంది. వేరే గదిలో కొన్ని గంటలు, కొట్లాట అలవాటున్న జంటైతే మర్నాటిదాకా ఉంచండి. రెండింటినీ తీసుకెళ్లాల్సి వస్తే రెండు క్యారియర్లు కొనాల్సిందే.

కొన్న రోజే ఖాళీ క్యారియర్‌ను మ్యాటు, తువ్వాలుతో సహా తూచి ఆ బరువు అడుగున పర్మనెంట్ మార్కర్‌తో రాసి పెట్టండి. క్లినిక్ కాటా మీద పిల్లిని క్యారియర్‌తోనే తూచి, ఆ అంకె తీసేస్తే బరువు తేలిపోతుంది.